మా గేటు మీద ఎర్ర గీత

మా కాలనీలో కాలేజీ పిల్లలకు ఇస్తున్న ఆరోగ్య శిక్షణకు ఈ రోజు చివరి రోజు. పోయిన వానాకాలం నా భార్య సుజాత డెంగీతో పోయాక, ఇబ్రహీంపట్నంలో దీన్ని నేనే మొదలుపెట్టాను. ఇవాళ్టి పరీక్ష ఒకటే. ఇల్లిల్లూ తిరిగి, దోమలు పెరిగే నీళ్లు కనబడితే ఆ గేటు మీద ఎర్ర చాక్‌పీసుతో గీత గీయాలి. పెద్దవాళ్ల ముందు మొహమాటపడతారేమోనని నా భయం.

శేరిగూడలో ఇంజనీరింగ్ చదివే మనీషా మా ఇంటికొచ్చింది. వంటింటి కిటికీలో ఉన్న మనీప్లాంట్ సీసా ఎత్తి చూసింది.

"సార్, ఈ నీళ్లల్ల దోమ పురుగులున్నయి."

"అవి మీ మేడం పోసిన నీళ్లమ్మా. పారబోయ మనసొప్పలే. తగ్గినప్పుడల్లా జర కలుపుతున్న."

"మేడం పోసినయి ఎప్పుడో ఎండిపోయినయి సార్. ఇవి మీరు పోసినయే. వేరేటోళ్ల ఇంట్ల అయితే ఊకుంటరా?"

మనీషా వెళ్తూ మా గేటు మీద గీత గీసింది, మిగతా ఇళ్లకన్నా కొంచెం పొడుగ్గానే. పక్కింటివాళ్లు చూశారు. సిగ్గేసింది, కానీ మనసు తేలికైంది. ఇక నేను లేకున్నా ఈ వీధిని చూసుకునేవాళ్లున్నారు.

మీ ఇంట్లోనూ ఎత్తి చూడని సీసా ఒకటి ఉండే ఉంటుంది, చూసి చెప్పండి. రేపు పొద్దున్నే నేను ఆ నీళ్లు పారబోసి, మొక్కను మట్టిలో నాటి, గీత తుడవడానికి మనీషాను పిలుస్తాను.