నేల అందని మేస్త్రి

ఆయన్ని అందరూ మట్టం మేస్త్రి అనేవారు. ఆయన నేలకు పలకలు పరిచిన గదిలో నీటిచుక్క పడితే ఎటు పోవాలో తెలియక బిక్కమొహం వేస్తుందని బావమరిది గొప్పలు చెప్పేవాడు. ముప్పై రెండేళ్లు ఇద్దరూ కలిసే పనిచేశారు. బావమరిది సిమెంటు కలిపి అందిస్తే, మేస్త్రి గొంతుక్కూర్చుని పలక పరిచి, రబ్బరు సుత్తితో తట్టి, చప్పుడును బట్టే కింద బోలు ఉందో లేదో చెప్పేసేవాడు. ఇంట్లో కుర్చీ ఉన్నా కూర్చునేవాడు కాదు. తిండీ, పేపరూ, మధ్యాహ్నం కునుకూ అన్నీ నేలమీదే.

యాభై ఆరో ఏట కుడి తుంటి మొరాయించింది. మొదట మెట్లెక్కేటప్పుడు, తర్వాత పక్కమీద ఒత్తిగిలేటప్పుడు, చివరికి ఊరికే కూర్చున్నా నొప్పే. కీలు అరిగిపోయి ఎముక మీద ఎముక రాసుకుంటోందని, మార్చక తప్పదని డాక్టరు చెప్పాడు. మార్చారు. ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టారు. కాలు మీద కాలు వేయకూడదు. ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చోకూడదు. కాళ్ల మధ్య దిండు లేకుండా పక్కకు తిరిగి పడుకోకూడదు. మూడు నెలలు దాటి, మేం సరేననే దాకా వంగకూడదు, నేలమీద కూర్చోకూడదు. కొత్త కీలు జారిపోతుంది.

"చేపకు నీళ్లలోకి దిగొద్దని చెప్పినట్టుంది," అన్నాడు మేస్త్రి.

భార్యది బేకరీలో రొట్టెలు కోసి పొట్లాలు కట్టే పని. పొద్దున్న ఆయన్ని తయారు చేయడం కోసం మధ్యాహ్నం వంతుకు మారింది. ఎత్తు పెంచిన మరుగుదొడ్డి సీటు బిగించింది ఆవిడే. స్నానానికి ఎత్తైన స్టూలు వెతికి తెచ్చిందీ ఆవిడే. ప్యాంటు తొడిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, విప్పేటప్పుడు ఆ కాలు ఆఖరు. కింద పడినవి తీసుకోవడానికి ఆసుపత్రివాళ్లు ఒక పొడవాటి కర్ర ఇచ్చారు. పిడి నొక్కితే చివర కొక్కెం చిలకముక్కులా మూసుకుంటుంది. సాక్సులు మాత్రం దానితో కుదరలేదు.

"పెళ్లయిన ఇన్నేళ్లకి నీ కాళ్లు పట్టుకునే యోగం పట్టింది," అంటూ ఆవిడే తొడిగేది.

"బాగా పట్టుకో. మళ్లీ దొరకవు."

వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చేది. మడమను పరుపు మీద జరపడం, పాదాలు ఆడించడం, వంటగట్టు పట్టుకుని నిలబడి కాలు పక్కకు ఎత్తడం. ఆ అమ్మాయి రాని రోజుల్లో భార్య లెక్కపెట్టేది. ఎనిమిది తర్వాత మళ్లీ ఏడు అనేది.

"ఎనిమిది అయిపోయింది కదే!"

"నాకు కనబడలేదు. ఎత్తు."

ఏడో వారంలో ఒక పొద్దున్న మేస్త్రి అలాగే గట్టు పట్టుకుని కాలు ఎత్తుతున్నాడు. భార్య ఆరు అంది. తర్వాత ఏదో అంది, అంకె కాదు, మాటా కాదు. తిరిగి చూసేసరికి గోడకు జారగిలబడి, మెల్లగా నేలమీదికి ఒరిగిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏమే! ఏమైందే?"

రెండడుగుల దూరంలో ఉంది. ఆ రెండడుగులూ నడిచాడు. తర్వాత వంగాలి. నడుము వంగలేదు. ఏడు వారాలుగా నేర్పిన భయం ఒళ్లంతా కొయ్యబారేలా చేసింది. గట్టు మీదున్న ఫోన్ తీసుకుని అంబులెన్సుకు చేశాడు, బావమరిదికి చేశాడు. ఆ తర్వాత చిలకముక్కు కర్రతో తువ్వాలు ఒకటి అందుకుని ఆవిడ తల పక్కకు తోశాడు. తల కిందికి దూరలేదు. చెదిరిన బట్టను ఆ కొక్కెంతోనే కాళ్ల మీదికి లాగాడు. ఆవిడ ఎడమచేయి నేలమీద వెతుకుతున్నట్టు కదిలింది. కాలు దగ్గరికి జరిపాడు. ఆవిడ ఆయన చీలమండ పట్టుకుంది.

"వస్తున్నారే. వచ్చేస్తున్నారు. వదలకు."

ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాడు.

తలుపు తోసుకుని ముందుగా వచ్చింది బావమరిది. నేలమీద అక్కను, ఆమె పక్కన కర్ర పట్టుకుని నిలువుగా ఉన్న బావను చూశాడు.

"నిలబడి చూస్తున్నావా బావా? మనిషి పడిపోతే కర్రతో కదుపుతావా?"



ఆవిడ మూడోరోజున ఆసుపత్రిలో పోయింది. మెదడులో పెద్ద నరం చిట్లిందని, ఎవరు పక్కన కూర్చున్నా ఫలితం మారేది కాదని డాక్టరు చెప్పాడు. వంగి ఉంటే నీ కీలు జారి ఇద్దరూ పడి ఉండేవాళ్లనీ అన్నాడు. మేస్త్రి తల ఊపాడు. ఆ మాట బావమరిదికి చెప్పబోతే వాడు అవతలికి లేచిపోయాడు. ఆదివారం ఆదివారం సరుకులు తెచ్చి గట్టు మీద పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయేవాడు.

తాళ్లున్న ప్లాస్టిక్ దోనె మీదికి సాక్సు ఎక్కించి, దాన్ని కిందికి వదిలి, పాదం దూర్చి తాళ్లు లాగడం మేస్త్రి నేర్చుకున్నాడు. ఒక్క సాక్సుకు పావుగంట. వంటింట్లో గిన్నె జారితే చిలకముక్కు కర్రకు చేయి వెళ్లేది, వెనక్కి వచ్చేది. గిన్నె సాయంత్రందాకా అక్కడే ఉండేది. వ్యాయామాలు మానలేదు. అంకె వేయడం మాత్రం మానేశాడు. ఆయాసం వచ్చేదాకా ఎత్తి ఆపేవాడు.

నాలుగో నెలలో వ్యాయామం అమ్మాయిని అడిగాడు. "నన్ను నేలమీదికి దింపడం నేర్పు తల్లీ."

"ఇప్పుడెందుకు బాబాయ్ గారూ? కుర్చీ అలవాటైంది కదా."

"దిగాలి."

ఆ అమ్మాయి మొహంలోకి చూసి ఇంకేమీ అడగలేదు. డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టింది. బరువైన కుర్చీని గోడకు ఆనించి పట్టుకోవాలి. ఆపరేషన్ కాలు వెనక్కి పెట్టి, ఆ మోకాలు మొదట నేలకు ఆనించాలి. తర్వాత చేతులు, తర్వాత రెండో మోకాలు. అక్కణ్నుంచి మంచి తుంటి మీదికి ఒరిగి, కాళ్లు చాపి కూర్చోవాలి. మొదటి వారం మోకాలు ఆనేలోపే చెమటలు పట్టాయి. మూడో వారానికి దిగాడు. గొంతుక్కూర్చోవడం మాత్రం ఇక ఈ జన్మకు లేదని, పలకల పని మరిచిపొమ్మని అదే రోజున చెప్పింది.

ఆ ఆదివారం బావమరిది వచ్చేసరికి మేస్త్రి వంటింట్లో గోడకు ఆని, కాళ్లు చాపుకుని నేలమీద ఉన్నాడు. సంచి వదిలేసి పరిగెత్తాడు.

"బావా! పడ్డావా?"

"పడలేదురా. నేనే దిగాను." మేస్త్రి అరచెయ్యి ఒక పలక మీద ఆని ఉంది. "ఇక్కడే పడింది. ఆ రోజు నాకు చేతకాలేదు."

బావమరిది పక్కన కూలబడ్డాడు. "డాక్టరు నాక్కూడా చెప్పాడు బావా," అన్నాడు. "అయినా నీ మొహం చూస్తే ఆ కర్రే కనబడుతోంది. ఏం చేయను?"

"నాకూ అదేరా కనబడేది."

కాసేపటికి బావమరిది లేచి, మేస్త్రిని లేపడానికి చేయి అందించాడు. మేస్త్రి వద్దన్నాడు, చేయి పట్టుకుని లాగితే కీలుకు ప్రమాదం. కుర్చీ ఇటు తోయమన్నాడు. మొదటిసారి లేవలేకపోయాడు. రెండోసారి బావమరిది కుర్చీ కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.