నీలం టబ్బు

తడిసిన గోనెసంచి మోసినవాళ్లకు తెలుసు, అది ఎంత బరువో. దించుదామన్నా ఒంటికి అంటుకునే ఉంటుంది. నేను అలాంటిదొకటి ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలీదు. మీకు చెప్తాను. మీరు నా ముఖం చూడరు గనక చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది మూడో తరగతి దాకానే. తప్పులుంటే సర్దుకోండి. పేర్లు రాయను. మాది కమలాపురం దగ్గర ఒక పల్లె అంటే చాలు.

నా కొడుకు మంగంపేట గనుల్లో టిప్పరు తోలతాడు. ఆదివారమే ఇంటికొస్తాడు. అందుకని మనవరాలు పుట్టినప్పటినుంచీ నా కోడలు ప్రతిదీ ఫోన్లో తీసి పెట్టేది. పాప బోర్లా పడటం, మొదటి పన్ను, గోడ గీకి మన్ను తినటం, నోరు తెరుచుకుని నిద్రపోవటం. కొడుకు వచ్చి మంచంమీద పడుకుని, ఆ వారమంతా దాంట్లో చూసుకునేవాడు. వాడిది అప్పట్లో బటన్ ఫోను. పంపడానికి వీలయ్యేది కాదు. ఉన్నదంతా ఆమె ఫోన్లోనే.

నాకది నచ్చేది కాదు. దిష్టి తగులుతుందని ఒక భయం. కరెంటు ఖర్చని ఒక లెక్క. "పిల్ల ఏడుస్తాంటే ఎత్తుకోకుండా ఫోటో తీస్తాండావేందే?" అనేదాన్ని. "ఎత్తుకుంటాలే అత్తా, నీ కొడుకు ఈ మూతి చూడొద్దా?" అని నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు. ఎందుకు నవ్వలేదో ఇప్పుడు ఆలోచిస్తాను. నా కొడుకు చిన్నతనం నాకే సరిగ్గా గుర్తులేదు. కలుపు తీస్తూ, కట్టెలు మోస్తూ వాణ్ణి పెంచాను. వాడు మొదట ఎప్పుడు నడిచాడో అడిగితే చెప్పలేను. ఆమెకు అన్నీ చూసుకునే తీరిక దొరికిందని కుళ్లుకున్నానా? కావచ్చు.

పాప అడుగులు వేసిన రోజు అరిసెలు చేయాలంది కోడలు. గుడ్డమీద పరిచి, పిల్లను వాటిమీద నడిపించి, వీధికి పంచాలి కదా. బెల్లం ధర చూసి, తినేదాన్ని తొక్కించటమేందని నేను కసిరాను. కానీ తెల్లారేసరికి పిండి దంచింది నేనే. పాప వేలు పట్టుకుని నడిపించిందీ నేనే. దాని అరికాళ్లకు నువ్వులు అంటుకున్నాయి. అదీ ఫోన్లోకి పోయింది.

తర్వాత పాపే ఆ ఫోనును నీళ్ల బకెట్లో వేసింది. కోడలు తుడిచింది, బియ్యంలో పెట్టింది. అది మళ్లీ వెలగలేదు. కొడుకు ఇంకొకటి కొనిచ్చాడు. చెడిపోయినదాన్ని ఆమె పాప పుట్టినప్పుడు చుట్టిన మెత్తటి గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టింది. వేరుశనగ అమ్మినాక కడపలో బాగు చేయిద్దామని మొగుడితో అనుకుందట. నాతో అనలేదు. నాతో ఎందుకంటుంది? తిడతానని తెలుసు.

ఒకరోజు కోడలు చేనికి పోయింది. పాప నా దగ్గర నిద్రపోతోంది. వీధిలో మైకు వినిపించింది. పాత సెల్ఫోన్లు, పాడైపోయిన సెల్ఫోన్లు ఇస్తే ప్లాస్టిక్ సామాను ఇస్తామని. బండినిండా రంగురంగుల టబ్బులు. నాకు ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. చచ్చిన ఫోన్లో ఏముంటుంది అనుకున్నాను. వెలగనిదాంట్లో బొమ్మలు ఎట్లా ఉంటాయి? దీపం ఆరిపోతే వెలుగు వత్తిలో దాక్కుంటుందా? దేవుడి సాక్షిగా నాకు తెలీదు. పెద్ద నీలం టబ్బు అడిగాను. అతను చిన్నది చూపించాడు. గంటసేపు గొడవపడి పెద్దదే తీసుకున్నాను. పైన ఒక మగ్గు కూడా ఇప్పించుకున్నాను. గెలిచినట్టే ఉంది నాకు.

ఇంతవరకే అయితే నేను ఇది రాయనక్కర్లేదు. తెలియక చేసిన పని అని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆ ఫోను చుట్టిన గుడ్డను విప్పింది నా చేతులే. విప్పి, మడతపెట్టి, తిరిగి పెట్టెలో పెట్టాను. గుడ్డ పారేయటం నాకు చేతకాదు. పాప పురిటి గుడ్డలో చుట్టి దాచారంటే అది ఎవరికో ప్రాణమని ఆ గుడ్డ నాకు చెప్పలేదా? సాయంత్రం కోడలొచ్చి, "టబ్బు యాడిదత్తా?" అని అడిగింది. "రాలిన వెంట్రుకలు పోగేసింటి గదా, వాటికిచ్చినాడు" అన్నాను. తప్పు కాదనుకుంటే ఆ అబద్ధం ఎందుకాడాను? ఆ ప్రశ్నకు జవాబు ఉంది. చెప్పటానికి సిగ్గు.

వేరుశనగ అమ్మాక ఆమె పెట్టె తెరిచింది. గుడ్డ ఉంది, ఫోను లేదు. ఇల్లంతా వెతికింది. బియ్యం డబ్బా వంచింది, పరుపు విప్పింది. చివరికి నా ముందుకొచ్చి నిలబడింది.

"అత్తా, పాత ఫోను చూసినావా?"

"నేనెందుకు చూస్తానే. మీ అమ్మోళ్లింటికి పోయేటప్పుడు సంచిలో ఏసుకున్యావేమో."

"ఏసుకోలేదే."

"ఏసుకున్యావు. నేను చూసినా. బస్సులో మర్చిపోయింటావు."

ఆమె నన్నే చూస్తూ ఉండిపోయింది. అబద్ధం పట్టేసిందనుకున్నాను. పట్టుకున్నా బాగుండేది. మెల్లగా నేలమీద కూలబడి, "అయ్యుంటాది. నాకు మతిమరుపు శానా అయిపోయింది" అంది. తన కళ్లకంటే నా మాటనే నమ్మింది. తర్వాత ఏడుస్తూ, "నీ పాట కూడా పాయ గదత్తా" అంది.

"నా పాటేంది?"

"పాపకు జోల పాడినావు గదా ఒగనాడు. తలుపు సందులోనుంచి తీసినా. చెప్తే తిడతావని చెప్పలే. పాప పెద్దదైనంక చూపిద్దామనుకుంటి, మీ జేజి తిట్టేదే కాదు, ముద్దు కూడా చేసిందని."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ క్షణం నిజం నోటిదాకా వచ్చింది. "నేనెప్పుడు పాడినా, పోవే" అని లేచి వాకిట్లోకి వచ్చేశాను.

ఆదివారం కొడుకు ఆమెను బాగా తిట్టాడు. నేను సజ్జపిండితో సొద్దరొట్టె తడుతూ వింటూ కూర్చున్నాను. రొట్టె గుండ్రంగానే వచ్చింది. అది తలుచుకుంటే నాకే భయం.

ఆ నీలం టబ్బులోనే పాపకు స్నానం చేయించేది కోడలు. పాప నీళ్లు చిమ్మి కేకలేస్తుంటే కొత్త ఫోన్లో తీసేది. ఎన్ని ఫోటోల్లో ఉందో ఆ టబ్బు! పాపకు ఇప్పుడు రెండు జడలు వేస్తున్నాం. మొన్న టబ్బు అడుగు పగిలింది. పారేద్దామంది కోడలు. వద్దన్నాను. మా అత్త పిసినారితనం తెలిసిందే కదా అన్నట్టు నవ్వుకుంది.

ఆమె మాత్రం ఆనాటినుంచి మారిపోయింది. వాకిలి దాటేముందు సంచి తెరుస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది. తాళం వేశానా అని వీధి చివరినుంచి వెనక్కి వస్తుంది. ఏదైనా కనపడకపోతే, ఇంకా వెతక్కముందే, "నేనే యాడో పెట్టి మర్చిపోయింటా" అంటుంది. ఫోటోలు పోయాయి, సరే. తన మీద తనకుండే నమ్మకం కూడా పోయింది. దాన్ని ఏ టబ్బుకు మార్చాను?

ఈ ఉదయం పాపను తీసుకుని కమలాపురం బయలుదేరింది. గడపలో ఆగి, ఎప్పటిలాగే సంచి తడుముకుంటూ, "అత్తా, నా ఫోను ఏసుకున్యా గదా? నువ్వు చూసినావా?" అని అడిగింది.

ఇన్నాళ్లూ "నీ సంచి నువ్వు చూసుకో" అనేదాన్ని.

"ఏసుకున్యావు" అన్నాను. "నువ్వు యాడా ఏం మర్చిపోవమ్మా. ఆ పొద్దు కూడా మర్చిపోలే."

ఆమె చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. "ఏ పొద్దత్తా?" అంది. రోడ్డుమీద బస్సు హారన్ కొట్టింది. పాప చెయ్యి పట్టి లాగింది. కోడలు నా వైపు చూస్తూనే వెళ్లింది.

అప్పటినుంచి కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె క్షమిస్తుందో లేదో తెలీదు. క్షమించమని అడిగే హక్కు ఉందో లేదో తెలీదు. మాట మాత్రం నాలోంచి బయటపడింది, సగం ఆమెకు, సగం మీకు. చాలా ఏళ్ల తర్వాత వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను.

ఆమె సాయంత్రం బస్సుకు వస్తుంది. టబ్బు తెచ్చి వాకిట్లో పెట్టాను.