గీతల ఇంట్లో పొంగిన పాలు

ఆ తెల్లవారుజామున అక్కడ ఉన్నవి: కొలత గొలుసు, ఇనుప మేకులు, రెండు తట్టల పొడి సున్నం, మేస్తున్న గొర్రెల మంద. ఉన్నవాళ్లు: కొత్త ఓవర్సీరునైన నేను, గొలుసు పట్టే మనిషి, పెరుగమ్మే అవ్వ, ఆమె కోడలు.

ఆలేరు స్టేషనుకు అవతల కొత్త బస్తీ వేస్తున్నాం. నక్షాలో రోడ్లు వెడల్పు, మెరక మీది ప్లాట్లు విశాలం, ఖరీదు. పేదవాళ్లకు అందేవి రెండే చోట్ల: బజారుకు మైలు దూరంలో బస్తీ చివర, లేదా బజారు పక్కనే వాగు పల్లంలో. ముందురోజు సాయంత్రం పల్లంలో సున్నంతో ఇళ్ల గీతలు గీశాం. మసక వెలుతురులో అవి నేలమీద తేలుతున్నట్టున్నాయి.

ఒక గీతల ఇంట్లోంచి పొగ లేస్తోంది. అవ్వ మూడు రాళ్లు పెట్టి పాలు పొంగించింది. అత్తాకోడళ్ల చెప్పులు, గీతలో వాకిలికని వదిలిన సందు బయట ఉన్నాయి.

"అవ్వా, ఇంకా ఎవ్వరికీ ఇయ్యలే. గిది ఇల్లు గాదు, గీత" అన్నాను.

"పాలు పొంగినంక ఇల్లు గాదంటవా? చెప్పులిడిసి లోపటికి రా బిడ్డా."

కోడలు నవ్వింది. "మా అత్త ఇంటికి తలుపు లేదు, తాళం లేదు. దొంగల ఫికరు గూడ లేదు సారూ."

చెప్పులు విడిచి, లేని గడప దాటి వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు కూడా, ఎందుకో, గోడను తప్పించుకుని వాకిలి గుండానే వచ్చాను.

"వానొస్తే నీళ్లు గీడిదాంక వస్తయి. చివరకు పో అవ్వా" అన్నాను.

"గంత దూరంకెల్లి పెరుగు గంపెత్తుకొని వచ్చేసరికి బజారు అయిపోతది. నీ మోకాళ్లిస్తవా?"

మొదటి పెద్ద వానకు వాగు పొర్లింది. పల్లంలో ఒక్క గీత మిగల్లేదు. మూడు రాళ్ల తలలు మాత్రం నీళ్లపైన కనబడుతున్నాయి. అవ్వ గట్టున నిలబడి, "పాలు పొంగిన ఇల్లు ఎట్లిడుస్తం?" అంది, తనలో తను.

నేను నక్షా మళ్లీ గీశాను. రోడ్లు సన్నం చేసి, బజారు దగ్గరి మెరక ప్లాట్లను చిన్నవిగా కోశాను. పల్లాన్ని నీళ్లకూ గొర్రెలకూ వదిలేశాను. పెద్ద ఇంజనీరు కళ్లద్దాలు దించి చూశారు.

"ఇంత సన్నపు రోడ్ల మీద కార్లెట్ల పోతయయ్యా?"

"ఊర్ల ఉన్నది ఒక్కటే జీపు సార్. మీదే."

ఆయన నవ్వి, సంతకం పెట్టారు.

నీళ్లు తగ్గాక అవ్వ ఆ మూడు రాళ్లనూ గంపలో మోసుకొచ్చి మెరక మీద తనకిచ్చిన ప్లాటు కొత్త గీతల నడుమ పెట్టింది. "పొయ్యి వచ్చింది, ఇల్లు వచ్చినట్టే" అంది. పాలు మళ్లీ పొంగాయి. ఈసారి చెప్పకముందే చెప్పులు విడిచాను.

పాలు తాగాక ఆమె గడప నుంచి బజారు మూల దాకా గొలుసు వేశాం. రెండు వందల నలభై గజాలు.