తమ్ముడి కోసం దొడ్డమ్మ పెట్టిన వెబ్‌సైట్

దొడ్డమ్మ పోయింది. పోయిన నెల, రాజమండ్రిలో, పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే కూలబడిపోయిందట. పక్కవాటా ఆవిడ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదన్నారు. నేను పాఠం చెబుతుండగా కబురొచ్చింది. మంచాన పడకుండా వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చేస్తున్న పని సగంలో వదిలేసి వెళ్ళిన మనిషికి అదృష్టమేమిటి?

ఆ పనేమిటో చెబుతాను. దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. వాళ్ళిద్దరికీ ఒక్కడే తమ్ముడు. నేను చంకలో బిడ్డగా ఉన్నప్పుడే అతను ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అతని కోసం దొడ్డమ్మ ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టింది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ ఈమెయిలు తెరిచి చూశాను. పేజీకి ఈ ఏటి డబ్బు కట్టే గడువు దగ్గరపడిందని, కట్టకపోతే తీసేస్తామని నెట్‌లో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీ వాళ్ళు రాశారు. ఆవిడకే, పేరు పెట్టి, గౌరవంగా రాశారు. అమ్మకి చదివి వినిపించాను. "ఇంకెందుకే అది? పోనీ," అంది అమ్మ. ఉంచడమా, పోనివ్వడమా అన్నది తేలకుండానే ఈ నాలుగు మాటలూ రాయడం మొదలుపెట్టాను.

దొడ్డమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటరు. ఎస్టీడీ బూత్‌లు రాకముందు పొరుగూరికి ఫోన్ చెయ్యాలంటే ఆవిడలాంటి వాళ్ళే లైను కలపాలి. మా ఇంట్లో కూడా ఆవిడ మామూలుగా మాట్లాడేది కాదు, లైన్లో ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. "ఆఁ, చెప్పండి" అని ఆగేది. అవతలివాళ్ళు చెప్పిందంతా పూర్తయ్యాక, విన్నది విన్నట్టు ఒకసారి తిరిగి అప్పజెప్పేది. చచ్చేంత విసుగొచ్చేది నాకు. "ఉప్పు తక్కువైంది దొడ్డమ్మా" అంటే "ఉప్పు తక్కువైంది అంటున్నావు" అనేది, అప్పుడు ఉప్పు తెచ్చేది. ఇప్పుడు అలా వినేవాళ్ళు ఎవరున్నారు నాకు?

లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు నాగపూరు, సూరతు, బిలాస్‌పూరు ఆపరేటర్లని పలకరించి, మీ ఊళ్ళో ఇలాంటి తెలుగు కుర్రాడు ఎవరైనా కనిపించాడా అని అడిగేదట. చూడని ఊళ్ళన్నిట్లోనూ ఆవిడకి స్నేహితురాళ్ళు ఉండేవారు. తర్వాత ఎవరి ఫోన్లు వాళ్ళే చేసుకోవడం వచ్చింది, ట్రంకు బోర్డులు తీసేశారు. "నా చెవులు పీకేశారే అమ్మడూ," అంది ఆ రోజు ఇంటికొచ్చి. అన్నం కూడా తినలేదు.

మామయ్య వెళ్ళిపోయింది అతని పెళ్ళికి ముందురోజు. పెళ్ళికూతురు మా నాన్నగారి పినతండ్రి కూతురు, నాకు మేనత్త వరస. సంబంధం కుదిర్చింది మా అమ్మే. పందిరి వేశారు, గాడిపొయ్యి తవ్వారు, రావులపాలెం నుంచి అరటిగెలలు దిగాయి. పెళ్ళికొడుకు లేడు. నరసాపురం స్టేషన్లో అతను రైలెక్కడం చూసినవాళ్ళున్నారు. ఎక్కడ దిగాడో తెలిసినవాళ్ళు లేరు. ఎందుకెళ్ళాడో కూడా తెలియదు. అత్తవారింట్లో అమ్మ పడాల్సిన మాటలన్నీ పడింది. ఆ తర్వాత తమ్ముడి ప్రస్తావన ఎవరు తెచ్చినా లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఆ మేనత్తకి వేరేచోట పెళ్ళయింది, పిల్లలున్నారు, మా ఇళ్ళల్లో శుభకార్యాలకి వస్తూనే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఈ రాజమండ్రిలోనే ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం దొడ్డమ్మ గొడుగు పట్టుకుని అక్కడికొచ్చింది.

"ఇంటర్నెట్‌లో మనం ఏదన్నా పెడితే ఏ దేశంలో ఉన్నవాళ్ళైనా చూడొచ్చటగా?"

"చూడొచ్చు."

"చూడొచ్చు అంటున్నావు. అయితే నాకో సైటు పెట్టు."

ముందు ఉచితంగా చోటిచ్చే కంపెనీలో పెట్టాను. డబ్బెందుకు దండగ అనుకున్నాను. ఉచితం కాబట్టి పేజీ పైన వాళ్ళ ప్రకటనలు వచ్చేవి. మొదటిసారి ఆవిడకి చూపించినప్పుడు మామయ్య ఫొటో మీద మిలమిలా మెరుస్తూ పెళ్ళిసంబంధాల ప్రకటన తెరుచుకుంది. దొడ్డమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"పెళ్ళికి భయపడి పారిపోయినవాడికి పెళ్ళిసంబంధాలు చూపిస్తావేంటే!"

ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. ఆవిడ కళ్ళనీళ్ళు మాత్రం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

ఇక డబ్బు కట్టే చోటే కావాలంది. ఉచిత సైటు అడ్రసు మూరెడు పొడుగు, మధ్యలో గీతలూ వంకర్లూ. సొంత పేరు కొనుక్కుంటే పొట్టిగా ఉంటుందని నాలుగైదు పేర్లు రాసిచ్చాను. ఆవిడ వాటిని ఒక్కొక్కటీ ఫోన్లో తన పాత స్నేహితురాళ్ళకి చెప్పి, రాసుకుని తిరిగి చదవమంది. తప్పుపోకుండా అందరూ రాసుకోగలిగిన పేరునే కొన్నాం. అంతవరకూ నాకూ ముచ్చటేసింది.

హోస్టింగ్ ఎంచుకునే దగ్గర మాత్రం నా మాట వినలేదు. ఏ కంపెనీ ఎంత చోటిస్తుంది, సర్వర్ ఎన్నాళ్ళకోసారి ఆగిపోతుంది, కాపీ దాస్తారా లేదా అని నేను కాగితాలు ముద్రించి ఇచ్చాను. ఆవిడ కాగితాలు పక్కన పెట్టి అన్ని కంపెనీలకీ ఫోన్లు చేసింది. పాట వినిపించి కూర్చోబెట్టినవాళ్ళని జాబితాలోంచి కొట్టేసింది. "నమస్కారమండి, చెప్పండమ్మా" అంటూ ఎత్తిన ఒక చిన్న కంపెనీ కుర్రాడి గొంతు నచ్చి, అదే ఖాయం చేసింది.

"గొంతుని బట్టి సర్వర్ కొంటారా ఎవరైనా?" అన్నాను.

"ఫోనెత్తే మనిషి ఉన్నాడు. రేపు ఏదన్నా అయితే ఎవరో ఒకరు పలకాలిగా," అంది.

రెండేళ్ళు తిరక్కుండా ఆ కంపెనీ మూతపడింది. ఫోన్ మోగుతుంది, ఎవరూ ఎత్తరు. పేజీ మాయమైంది. నా దగ్గర కాపీ ఉంది కాబట్టి వేరే కంపెనీకి మార్చగలిగాను గానీ, ఆ మార్పిడికి వారం దాటింది. ఆ వారం దొడ్డమ్మ మనిషి కాలేదు. అప్పట్నుంచి పోయేదాకా అదే ప్రశ్న. "సరిగ్గా ఆ వారంలోనే వాడు చూసుంటే? ఏమీ లేదని వెళ్ళిపోయుంటే?" అలా అయ్యుండదులే అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ మనసు కుదుటపడలేదు. నిజం చెప్పొద్దూ, అలా అయ్యుండదని నాకు మాత్రం ఎలా తెలుసు?

ఇంతకంటే పెద్ద తగువు పేజీలో ఏం రాయాలన్న దగ్గర వచ్చింది. పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో నేను తెలుగులో చక్కగా టైపు చేసి పెట్టాను. నా కంప్యూటర్లో ముత్యాల్లా కనిపించింది. దేవీచౌక్ దగ్గర నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి తెరిస్తే అన్నీ గళ్ళూ పిచ్చిగీతలూ. చూసే కంప్యూటర్లో కూడా ఆ తెలుగు ఫాంట్ ఉండాలి మరి. "వాడు ఏ ఊళ్ళో ఏ డొక్కు కంప్యూటర్ ముందు కూర్చుంటాడో!" అంటూ దొడ్డమ్మ ఒక తెల్లకాగితం అడిగి తీసుకుంది. తన చేత్తో రాసింది. "తమ్ముడూ, ఎవరికీ కోపం లేదు. నేను ఇక్కడే ఉన్నాను. ఒక్కసారి ఫోన్ చెయ్యి. పెద్దక్క." కింద ఇంటి నంబరు. దాన్ని స్కాన్ చేసి బొమ్మలాగా పెట్టమంది. బొమ్మయితే ఎక్కడైనా కనిపిస్తుంది, పైగా తన దస్తూరీ వాడు గుర్తుపడతాడు.

బాగానే ఉంది. కానీ బొమ్మలో ఉన్న అక్షరాలు వెతికే సైట్లకి అందవు. మామయ్య ఎక్కడో కూర్చుని తన పేరో ఇంటిపేరో కొట్టి వెతికితే ఈ పేజీ రాదు. కనీసం ఇంగ్లీషులో అతని పూర్తి పేరు, ఊరు టైపు చేద్దాం అన్నాను. వద్దంది.

"పేరు పెడితే ఊళ్ళోవాళ్ళకీ దొరుకుతుంది. పెళ్ళి ఆగిపోయిన ఆ అమ్మాయి పిల్లలు కంప్యూటర్లు నేర్చుకుంటున్నారు. దాని సంగతి మళ్ళీ వీధిలోకి లాగనా?"

"మరి మామయ్యకి ఎలా దొరుకుతుంది?"

"నాకు తెలిసినవాళ్ళందరికీ అడ్రసు చెప్తాను. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్తారు."

"అలాగైతే వందేళ్ళు పడుతుంది!" అని అరిచాను. ఇన్‌స్టిట్యూట్ అంతా తిరిగి చూసింది. దొడ్డమ్మ గొంతు పెంచలేదు.

"మా రోజుల్లో పీపీ కాల్ అని ఉండేది అమ్మడూ. ఫలానా మనిషి ఫోన్ దగ్గరికొస్తేనే కలుపుతాం. ఇంట్లో ఇంకెవరున్నా మాట్లాడనివ్వం. ఇదీ అంతే. వాడొక్కడికే."

అమ్మకైతే ఇదంతా ముందునుంచీ కిట్టలేదు. "పోయినవాడి కోసం లోకమంతా టముకు వేస్తావా అక్కా?" అనేది. దొడ్డమ్మ విని, "టముకు వేస్తావా అంటున్నావు," అని తిరిగి అప్పజెప్పి ఊరుకునేది.

పేజీ చివర, చూసినవాళ్ళు నాలుగు మాటలు రాసే చోటొకటి పెట్టాను. అక్కడికి వచ్చినవన్నీ చెత్త. బట్టతల మందులు, లాటరీలు, చౌక అప్పులు. నేను తుడిచేస్తుంటే చెయ్యి పట్టుకుంది. ప్రతి ఒక్కరికీ జవాబు ఇవ్వాల్సిందేనట. నాచేత ఇంగ్లీషులో టైపు చేయించేది. "అయ్యా, మీ సమాచారానికి కృతజ్ఞతలు. ఫొటోలో ఉన్న మనిషిని ఎక్కడైనా చూస్తే దయచేసి చెప్పండి." బట్టతల మందులవాడికి కూడా ఇదే. అవి మనుషులు రాసేవి కావు, యంత్రాలు పంపేవని చెప్పినా నమ్మలేదు. "ఏమో, ఆ యంత్రం వెనకాల ఒక మనిషుండొచ్చుగా," అంది. అప్పుడు తల బాదుకున్నాను.

నేను చెప్పినట్టు పేరు పెట్టివుంటే అతను దొరికేవాడా? నాకు తెలియదు. ఆవిడ అన్నట్టు ఆ ఇంకో ఆడమనిషి కాపురంలో మనవల్ల చిచ్చు రేగకుండా ఉండటం ముఖ్యమా? అదీ ముఖ్యమే అనిపిస్తుంది. ఒకరికి న్యాయం చేస్తే ఇంకొకరు దూరమయ్యే చిక్కు అది. ఆ చిక్కుని ఆవిడ ఇన్నేళ్ళూ ఒక్కతే మోసింది. నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో, నా మీద ఆవిడకి ఎంత ఓపికో, ఆవిడుండగా ఒక్కసారైనా చెప్పాల్సింది.

నిన్న డబ్బు కట్టేశాను. ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తున్నాం కాబట్టి, ఆ నంబరుతోనే ఫోన్ మా ఇంటికి మార్పించాను. మిగిలింది ఒకటే. పేజీలో "నేను ఇక్కడే ఉన్నాను" అని ఉంది. అది టైపు చేసిన అక్షరమైతే చెరిపి దిద్దేదాన్ని. అది ఆవిడ చేతిరాత, దాన్ని ఎలా దిద్దను? కింద ఇంకో కాగితం చేర్చడం తప్ప దారి లేదు. కంప్యూటర్ ముందు కాగితం పెట్టుకుని "మామయ్యా" అని రాసి ఆగిపోయాను. ఫొటోలో తప్ప మొహమైనా ఎరగని మనిషికి ఈ కబురు ఎలా చెప్పాలి?

అమ్మ వంటింట్లోంచి వచ్చి నా భుజం మీదుగా చూసింది.

"నువ్వు రాస్తే వాడికేం తెలుస్తుంది? నువ్వెవరో వాడికి తెలీదు. లే."

కొంగుకి చేతులు తుడుచుకుని నా కుర్చీలో కూర్చుంది. వేరే కాగితం తీసుకుంది. పెన్ను పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత ఎక్కడా ఆగకుండా రాసి, నా వైపు చూడకుండానే కాగితం నా చేతికిచ్చింది.

"తమ్ముడూ, పెద్దక్క పోయింది. ఇకమీదట ఫోను నేను ఎత్తుతాను. చిన్నక్క."

స్కాన్ చేసి పేజీలో పెట్టి, అందరికీ కనిపిస్తోందా లేదా అని నెట్ సెంటర్‌లో కూడా తెరిచి చూసుకుని ఇంటికొచ్చాను. అమ్మ టీవీ సౌండు బాగా తగ్గించేసి, ముందుగదిలో ఫోను పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది.