తడి టైరు వేసిన మూడు వేళ్ల అచ్చు

మొన్న ఆదివారం పొద్దున ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కింద మా అమ్మాయి తన కొత్త టూరింగ్ బండి ఆపి, టైర్లలో గాలి ఎంతుందో దాని తెర మీద అంకెల్లో చూపించి మురిసిపోతుంటే, దాదాపు అదే చోట నేలకు చెంప ఆనించి మా బండి టైరు చూసిన ముసలాయన నాకు గుర్తొచ్చాడు.

తొంభైల మొదట్లో నేను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. మా ఆవిడకు ఏడో నెల. పురిటికి జనగామ దగ్గర పుట్టింటికి చేర్చాలి. అంతకుముందు ఒక కడుపు పోయింది, అది బస్సు కుదుపులకే పోయిందని ఆమె భయం, అందుకని బస్సు పేరెత్తితే చాలు కళ్లనీళ్లు పెట్టుకునేది. సరే, బండి మీద మెల్లగా తీసుకెళ్తానన్నాను. ఇద్దరం, పైగా సామాను, బరువెక్కువ కదా అని ముందురోజే ఫ్యాక్టరీ కంప్రెషర్‌తో రెండు టైర్లకూ రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టాను. ఫిట్టర్నన్న పొగరు, ఇంకేం!

ఉప్పల్ చేరేలోపే ప్రతి గుంతకూ ఆమె ప్రాణం విలవిల్లాడింది. ఇంటికి పోదామని ఏడుస్తుంటే దిక్కుతోచక, రోడ్డు పక్కన గాలి కొట్టే ముసలాయన రేకుల డబ్బా ముందు ఆపాను. ఆయన బొటనవేలితో టైరు నొక్కి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది సారూ, లారీకి గొట్టినట్టు గొట్టిన్రు? గుంతలన్నీ బిడ్డ నడుముకే తాకుతయ్ గదా!"

వేడి మీద గాలి సరిగా తెలియదని, టైర్లు చల్లారేదాకా మమ్మల్ని నీడన కూర్చోబెట్టాడు. తర్వాత వెనక టైరు తడిపి, సామానుతో సహా మా ఇద్దరినీ ఎక్కించి, బండిని పొడి బండరాయి మీదికి మెల్లగా నెట్టి, నేలకు చెంప ఆనించి చూసి, రాతి మీద పడిన తడి అచ్చును వేళ్లతో కొలిచాడు. రెండు వేళ్లయినా లేదు. కొంచెం గాలి తీశాడు, మళ్లీ తడిపాడు, మళ్లీ నెట్టాడు. మూడు వేళ్ల అచ్చు పడ్డాక గానీ వదల్లేదు.

నమ్మకం కుదరక నా జేబులోని గాలి మీటరు పెట్టి చూశాను. ఆ సాయంత్రం అత్తగారింట్లో బండి పుస్తకం తెరిస్తే, ఇద్దరెక్కినప్పుడు వెనక టైరుకు ఎంత ఉండాలని రాసుందో మీటరు చూపిందీ సరిగ్గా అంతే! అప్పటికే ఆమె దారి పొడుగునా నా వీపుకు ఆనుకుని నిశ్చింతగా వచ్చింది.

"బిడ్డ పుట్టినంక దెచ్చి సూపియ్యి సారూ" అన్నాడాయన మేం బయల్దేరుతుంటే. అలాగేనన్నాను. షిఫ్టులని, ఇవాళా రేపని గడిపేసి, అమ్మాయికి మూడేళ్లొచ్చాక వెళ్తే రోడ్డు వెడల్పు చేస్తున్నారు. డబ్బా లేదు, ఆయన లేడు, కనీసం పేరైనా అడగలేదు నేను.

మొన్న అమ్మాయినీ వెంటొచ్చిన అల్లుడినీ బండెక్కించి, నా సీసాలో నీళ్లు టైరు మీద పోసి నెట్టాను. నవ్వుకుంటూనే నా మాట విన్నారు. వంగి వేళ్లు పెట్టి చూస్తే నాలుగొచ్చాయి.

"సరిపోయినట్టేనా నాన్నా?" అంది అమ్మాయి.

ఈ లావు టైరుకు నాలుగు వేళ్లు సరో కాదో నాకేం తెలుసు? తెర మీద అంకె సరిగ్గానే ఉంది. ఆ అచ్చు చూసి చెప్పగలిగిన మనిషికి మాత్రం, ఈ పిల్లను ఒక్కసారైనా చూపించలేకపోయాను.