మా అన్న తప్పకుండా చెప్పిన జవాబులు

నేను నిజామాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తాను. ఎక్కడో అమెరికాలో డాక్టరు రాసిన జబ్బుకు తగిన కోడ్ పెట్టడమే నా ఉద్యోగం. నల్లమందు జాతి నొప్పి బిళ్లలు మింగేవాళ్ల కాగితాలు రోజూ చూస్తాను. డాక్టరు చెప్పినట్టే చాన్నాళ్లుగా వాడుతున్నవాళ్లకు ఒక కోడ్, బానిసైనవాళ్లకు ఇంకొకటి. ఆ తేడా నేను తేల్చకూడదు. డాక్టరు ఏది రాస్తే అదే. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తే, రాసిందల్లా నిజమేనని మనసు నమ్మేస్తుంది.

మా అన్న బోధన్‌లో స్కూలు వ్యాన్ నడుపుతాడు. అంతకుముందు చెరకు ట్రాక్టరు నడిపేవాడు. కోటగిరి దగ్గర ట్రాలీ బోల్తాపడి నడుముకు దెబ్బ తగిలింది. అప్పుడు రాసిచ్చిన బిళ్లలు నడుము బాగయ్యాక కూడా మానలేదు. పట్టపగలే వ్యాన్ పక్కకు ఆపి తూగుతున్నాడని వదిన ఫోన్‌లో ఏడ్చింది. నిజామాబాద్‌లో డాక్టరుకు చూపిద్దాం రమ్మంటే, ఆశ్చర్యంగా, ఒక్క మాటకే ఒప్పుకున్నాడు.

ముందురోజే మా ఇంటికి వచ్చి, డాక్టరు ఏమేం అడుగుతాడో చెప్పమన్నాడు. భయమేస్తోందన్నాడు. పాపం అనిపించింది. చెప్పినదానికంటే ఎక్కువ మింగుతున్నావా అంటాడు, బిళ్ల లేకపోతే ప్రాణం గుంజుతుందా అంటాడు, పని ఎగ్గొడుతున్నావా అంటాడు అని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అంత బుద్ధిగా నేర్చుకోలేదు మహానుభావుడు.

డాక్టరు ముందు ఒక్క జవాబూ తప్పలేదు. అన్నిటికీ "లేదు సార్". చెప్పినట్టే వాడుతున్నాడు, వ్యసనం లేదు, మెల్లగా తగ్గించాలి అని డాక్టరు రాశారు. రాశారు కదా, నేను నమ్మాను. ఇక భయం లేదని వదినకు చెప్పాను.

కొన్నాళ్లకు బోధన్ వెళ్లి, దగ్గు మందు కోసం మందుల దుకాణంలో ఆగాను. ఆ దుకాణం భాయ్ మాకు బాపు కాలం నుంచీ తెలుసు.

"నడుము నొప్పి జర తక్కువైందా బేటీ? నీ గోలీలు మీ అన్న మొన్ననే తీస్కపోయిండు."

నాకు ఏ నొప్పీ లేదు. "మా చెల్లె దవాఖాన పని చేస్తుంది, బిళ్లలు తనకే" అని చెప్పి అన్న కొంటున్నాడట. ఆ మాట మీద భాయ్ డాక్టరు చీటీ కూడా అడగలేదట.

ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. ప్రేమగా చెప్పిన ప్రతి ప్రశ్ననూ తప్పించుకునే దారి చేసుకున్నాడు, పైగా నా పేరు వాడుకున్నాడు. అన్న ఇల్లు చేరేసరికి వ్యాన్ వచ్చి ఆగింది. నిండా పిల్లలు. స్టీరింగు ముందు అన్న, కళ్లు మూతలు పడుతూ.

మర్నాడే మళ్లీ అదే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. అన్న నోరు తెరవకముందే అంతా చెప్పేశాను. ఇక వ్యాన్ ముట్టుకోవద్దని, వెంటనే ఆసుపత్రిలో చేరాలని డాక్టరు అన్నారు. బిళ్లలకు బానిస అని ఆయన రాస్తుంటే చూశాను. ఆ కోడ్ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

బయటికి వచ్చాక అన్న వ్యాన్ తాళాలు నా ఒళ్లో పడేశాడు.

"చెల్లె, నిన్ను నమ్మి వచ్చిన. నువ్వు గిట్ల మోసం జేస్తవనుకోలె."

మోసం అన్న మాట నేను అనాల్సింది. అదీ నాకంటే ముందు తనే తీసేసుకున్నాడు.