కోళ్ల ఫారం పక్కన రాయబారి

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, రోమ్‌లో మొదలై షామీర్‌పేటలో ముగిసిన ఒక మహా బహిష్కరణ జరిగింది. చక్రవర్తి ఆగ్రహం, తండ్రి పరువు, కొడుకు వనవాసం అన్నీ ఉన్న ఇతిహాసం. అలా మొదలుపెడదామనుకున్నాను గానీ, జరిగిందల్లా ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను ఎ సెక్షన్ నుంచి డి సెక్షన్‌కు నలభై అడుగులు నడవడం. నా బెంచీ కూడా నన్నే మోసుకెళ్లమన్నారు.

చక్రవర్తి మా ప్రిన్సిపాలే. నెలనెలా పరీక్ష పెట్టి, మార్కుల వరసన పిల్లల్ని సెక్షన్లు మార్చడం ఆయన దృష్టిలో దండయాత్ర. ఎ సెక్షన్‌కు స్లాబు, ఫ్యాన్లు. డి సెక్షన్‌కు రేకుల షెడ్డు, గోడ అవతల కోళ్ల ఫారం. ఆ నెల నోటీసులో నా పేరు ఎదురుగా ఇంగ్లీషులో 'రెలిగేటెడ్', అంటే కిందికి దించేశామని రాసి, నాయిన సంతకం తెమ్మన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎ సెక్షన్ల ఉన్నన్ని దినాలే సదువు. జారినవా, మీ మామ ప్లాట్ల కాడ సున్నం గీతలు గీస్తవు" అని నాయిన ముందే తేల్చేశాడు. (మా మామ లేఅవుట్లు వేసేవాడు. గడ్డి కూడా మొలవని చోట రాళ్లు పాతి, గార్డెన్స్ అని పేరు పెట్టేవాడు.)

ఇంగ్లీషు సార్ దగ్గర ఏడిస్తే, ఓదార్పు బదులు లాటిన్ వడ్డించాడు. "రె అంటే ఎనుకకు, లెగారె అంటే పంపుడు. రోమ్‌ల గిది చిన్న శిక్షరా. ఊరిడిసి పోవాలె, గంతే. ఆస్తి గుంజుకోరు." నా ఆస్తి ఒక జామెట్రీ బాక్సు, అందులో కంపాస్ లేదు. "లెగేట్ గూడ గా మాట నుంచే వచ్చింది. అంటే రాయబారి" అని కూడా అన్నాడు, అనవసరంగా. ఇల్లు చేరేసరికి నాకు ఆ చివరి ముక్కే గుర్తుంది.

"గిదేంది బిడ్డా?" అన్నాడు నాయిన, నోటీసు తిరగేస్తూ.

"లాటిన్ మాట నాయినా. కాలేజోళ్లు నన్ను రాయబారి లెక్క పంపుతున్నరు."

"యాడికి?"

"డి సెక్షన్‌కు."

మురిసిపోయి సంతకం పెట్టాడు. అంతటితో ఆగితే మా నాయిన ఎందుకవుతాడు? మర్నాడు తెల్లబట్టలు వేసుకుని, ద్రాక్షపండ్ల బుట్టతో ప్రిన్సిపాల్‌కు దండం పెట్టడానికి దిగాడు. షెడ్డు కిటికీలోంచి చూస్తున్నాను. ప్రిన్సిపాల్ గదిలోకి బుట్టతో వెళ్లాడు. బుట్టతోనే బయటికొచ్చాడు. ఆయనకు విషయం తెలిసిపోయిందన్నమాట.

నేరుగా మా కిటికీ దగ్గరికొచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "రాయబారి సాబ్, కోళ్లతోని మాటలు కుదిరినయా?"

క్లాసంతా గొల్లుమంది. లోకంలో ఎవరి కష్టం మీదైనా జోకు వేసే నాకు, నా కష్టానికి ఒక్కటీ దొరకలేదు. "సున్నం గీతలకు పంపకు నాయినా. సదువుకుంట" అన్నాను.

ఆయన తలెత్తి రేకుల కేసి చూశాడు. "గీడ లైటు లేదేందిరా?"

"కరెంటియ్యలే. నాలుగింటికే ఇడుస్తరు." (ఎ సెక్షన్‌ను ఏడింటిదాకా కూర్చోబెట్టేవారు.)

నాయిన వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, బుట్ట కిటికీలోంచి అందించాడు. "గీ పండ్లు మీ దేశపోళ్లకు పంచు" అని వెళ్లిపోయాడు. చదువు మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

రోమ్‌ను అడ్డం పెట్టుకుని తండ్రిని బోల్తా కొట్టించాననుకున్న ఆ పదహారేళ్ల మేధావిని తలచుకుంటే, ఇప్పుడు నవ్వుతోపాటు కాస్త జాలి కూడా వేస్తుంది. నన్ను కాపాడింది లాటిన్ కాదు, నా కన్నీళ్లూ కాదు. నాలుగుంబావు బస్సెక్కితే ఐదింటికి మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో దిగుతాను. మా మూడు బర్రెలకు పాలు పిండే వేళ ఐదు.